37 డిగ్రీల పెనం మీద దోసె

పోయిన వారం మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ల్యాబ్‌లో రక్తం సీసాలు తారుమారయ్యాయేమోరా" అన్నాడు. సంగతేమిటంటే, టెస్టుకు ముందు మూడు రోజులు ఆయన అన్నం ముట్టలేదు. పూటకో గ్లాసు కాకరకాయ రసం, రాత్రికి ఒక పుల్కా. పరగడుపు షుగర్ 104 వచ్చింది. సంబరపడి కిందికి చూస్తే హెచ్‌బీఏ1సీ (గడిచిన రెండు మూడు నెలల షుగర్ లెక్క చెప్పే పరీక్ష) అని ఉండి, దాని ఎదురుగా లావుపాటి అక్షరాల్లో 8.9. ఒకే సూదితో తీసిన రక్తం రెండు మాటలెలా చెబుతుందని ఆయన టెన్షన్.

సీసాలేం మారలేదు. మూడు రోజుల కాకరకాయ రసం ఆ 8.9 దాకా చేరలేదు, అంతే. ఎందుకు చేరలేదో చెప్పాలంటే దోసె దగ్గర మొదలుపెట్టాలి.

దోసె పెనం మీద ఎర్రబడుతుంది కదా. పిండిలోని చక్కెరలూ మినప్పప్పులోని ప్రోటీన్లూ వేడికి ఒకదాన్నొకటి పట్టుకోవడం వల్ల వచ్చే రంగు అది. పాలు మరిగీ మరిగీ కోవా అయ్యేటప్పుడు పట్టే రంగూ అదే. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ పేరే ఈ చర్యకు స్థిరపడింది. దీనికి ఎంజైమ్‌తో పని లేదు. చక్కెర, ప్రోటీన్, కాస్త వేడి, తగినంత టైమ్ ఉంటే చాలు. పెనం మీద రెండు నిమిషాల పని, 37 డిగ్రీల దగ్గర రోజులూ వారాలూ పడుతుంది. 37 డిగ్రీలంటే మన ఒంటి వేడి. మనమంతా బాగా సన్నని సెగ మీద ఉన్న దోసెలం!

ఇంటర్‌లో చక్కెరను పట్టుకునే ఫెహ్లింగ్ పరీక్ష చేసే ఉంటారు. గ్లూకోజులో ఆల్డిహైడ్ (వేరే అణువులతో చర్య జరిపే కొస) ఉంది కాబట్టి ఇటుక ఎరుపు వస్తుందని రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నాం. అదే ఆల్డిహైడ్ ఇంట్లో తాతగారి రక్తంలో ఏం చేస్తోందో మాకు ఏ సారూ చెప్పలేదు. గ్లూకోజు అణువు దాదాపు ఎప్పుడూ ఉంగరంలా చుట్టుకునే ఉంటుంది. ఏ క్షణం చూసినా వెయ్యింటిలో ఒకటి కూడా విప్పుకుని ఉండదు. విప్పుకున్నప్పుడు బయటపడే ఆల్డిహైడ్ కొస, హిమోగ్లోబిన్ (ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్ మోసే ప్రోటీన్)లోని బీటా గొలుసు మొదట్లో ఉన్న వేలిన్ అనే అమైనో ఆమ్లానికి తగులుకుంటుంది. మొదట పట్టు వదులు. దీన్ని షిఫ్ బేస్ అంటారు. అప్పుడే పోసిన పిండిలాంటిది, గరిటెతో తీసేయొచ్చు. ఆ జతల్లో కొన్ని లోలోపల బంధాలు సర్దుకుని కీటోఅమీన్ అనే గట్టి జతగా మారతాయి. దీని పేరు అమడోరి మార్పు. ఇక అట్టు కాలినట్టే, మళ్లీ పిండి కాదు. ఇలా గ్లూకోజు అంటుకున్న హిమోగ్లోబినే హెచ్‌బీఏ1సీ. (ఇదే కుటుంబంలోని మిగతా చక్కెరలతో పోలిస్తే గ్లూకోజు విప్పుకునేది చాలా తక్కువ. ప్రాణికోటి దీన్నే ఇంధనంగా పెట్టుకోవడానికి అది ఒక కారణమని ఒక వాదన. నాకు భలే నచ్చిన వాదన.)

ఎర్ర రక్తకణంలోకి గ్లూకోజు వెళ్లడానికి ఇన్సులిన్ అనుమతి అక్కర్లేదు. బయట ఎంత ఉంటే లోపలా దాదాపు అంతే. ఒక్కో కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి. కణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అన్ని రోజులూ అది చక్కెర నీళ్లలో నానుతూ, కొద్దికొద్దిగా కాలుతూ తిరుగుతుంది. నిన్నటి షుగర్ ఈ రోజున్న కణాలన్నిటికీ తగిలింది. మూడు నెలల కిందటిది మాత్రం అప్పటికే పుట్టి, ఇంకా బతికున్న కొద్ది కణాల మీదే మిగిలింది. అందుకే "మూడు నెలల సగటు" అంటున్నా, ఈ అంకెలో సగం వాటా గడిచిన నెల రోజులదే. ఈ అంకెను సగటు షుగర్‌గా మార్చే సూత్రం ఒకటుంది: 8.9ని 28.7తో గుణించి 46.7 తీసేస్తే 209. బాబాయి రక్తంలో ఇన్నాళ్లూ ఉన్న షుగర్ సగటున అంత. మూడు రోజుల పత్యం దాన్నేం కదిలిస్తుంది?

హెచ్‌బీఏ1సీకీ షుగర్‌కీ ఉన్న లింకును పట్టుకున్న శామ్యూల్ రహ్బర్ అసలు షుగర్ డాక్టరే కాదు. 1960ల చివర్లో టెహ్రాన్‌లో, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) లాంటి హిమోగ్లోబిన్ తేడాల కోసం జనం రక్తనమూనాలు గాలిస్తుంటే, కొన్నిట్లో ఎప్పుడూ చూడని గీత ఒకటి కనిపించింది. ఆరా తీస్తే అవి షుగర్ ఉన్నవాళ్లవి. ఇప్పుడు మొత్తం హిమోగ్లోబిన్‌లో ఆ గీత వాటా 6.5 శాతం గానీ, అంతకు మించి గానీ ఉంటే డయాబెటిస్ అంటున్నాం.

ఈ దోసె లెక్క తప్పే సందర్భాలున్నాయి. ఐరన్ లోపంతో రక్తహీనత ఉంటే కణాలు ఎక్కువ రోజులు పెనం మీదే ఉండిపోతాయి, అంకె ఉన్నదానికంటే పెరిగి కనిపిస్తుంది. మన ఏజెన్సీ గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో కణాలు తొందరగా చచ్చిపోతాయి, అంకె తగ్గి మోసం చేస్తుంది. రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంతో చూడకుండా ఈ ఒక్క అంకె పట్టుకుని మందు మార్చే డాక్టరంటే నాకు భయం.

బాబాయి రెండో ఫిర్యాదు: "కొలెస్ట్రాల్ నార్మలేగా, మళ్లీ దాన్ని తగ్గించే మాత్ర ఎందుకురా?" రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారే, అది) రేణువు మీద కూడా ప్రోటీన్ ఉంది, అదీ కాలుతుంది. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను లాక్కునే గ్రాహకాలను కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. చక్కెర అంటిన ఎల్‌డీఎల్‌ను ఆ గ్రాహకాలు సరిగా గుర్తుపట్టవు. అది రక్తంలోనే తిరుగుతూ రక్తనాళాల గోడల్లో దూరి, అక్కడ ఆక్సీకరణ చెందుతుంది. అంకె నార్మల్, సరుకు చెడ్డది. కారణం ఇదొక్కటే అనను. కానీ షుగర్ ఉండి, ఎల్‌డీఎల్ మరీ ఎక్కువగా లేని 2838 మందితో బ్రిటన్, ఐర్లండ్‌లలో చేసిన కార్డ్స్ అధ్యయనంలో రోజూ 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వేసుకున్నవారికి గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు 37 శాతం తగ్గాయి. ఫలితాలు 2004లో వచ్చాయి.

అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారవని రకం) షుగర్ రోగులతో చేసిన డీసీసీటీ అధ్యయనం 1993లో ముగిసింది. షుగర్‌ను గట్టిగా అదుపు చేసినవాళ్ల హెచ్‌బీఏ1సీ 7 దగ్గర, మామూలు వైద్యం పొందినవాళ్లది 9 దగ్గర ఉండేది. అధ్యయనం అయ్యాక రెండు గుంపుల అంకెలూ కలిసిపోయి 8 దగ్గరికి చేరాయి. అయినా 2005లో చూస్తే, ఒకప్పుడు గట్టిగా అదుపులో ఉన్నవాళ్లకు గుండెజబ్బు ఘటనలు 42 శాతం తక్కువ. రక్తకణాలు ఎప్పుడో మారిపోయాయి, మరి ఆ పాత సంగతి ఎవరు గుర్తుపెట్టుకున్నారు? రక్తనాళాల గోడల్లోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ మీద అనుమానం. అది ఏళ్ల తరబడి మారదు. మాడిన మచ్చలు ఒకదానికొకటి అతుక్కుని గోడ బిరుసెక్కుతుంది.

అంతకంటే మొండిది కంటి కటకం. దాని నడిమధ్యలో ఉన్న ప్రోటీన్లు మనం అమ్మ కడుపులో ఉండగా తయారైనవి, మళ్లీ మారవు. వయసుతో అవి పసుపెక్కడానికీ ఈ మయ్యార్ రంగే కొంత కారణం. బాబాయికి 64 ఏళ్లు. కాకరకాయ రసం సంగతి వదిలేసి, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లి ఎన్నాళ్లయిందని అడిగాను. "కళ్లకేం, బాగానే కనిపిస్తున్నాయి కదరా" అన్నాడు.