జడ్జికి కాపలా, జీతం సర్కారుది: అమెరికా మార్షల్స్ వెనుక కథ

పౌరసత్వ ప్రమాణం చేయడానికో, జ్యూరీ పిలుపు వస్తేనో అమెరికాలో ఫెడరల్ కోర్టుకు వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. గుమ్మం దగ్గర నీలం కోటు వేసుకుని, బ్యాగు స్కానర్‌లో పెట్టమని చెప్పే ఆఫీసర్ని వాళ్ళంతా చూసే ఉంటారు. ఎక్కువగా పోలీసు శాఖలో చేసి వచ్చినవాళ్ళే ఆ ఉద్యోగంలో ఉంటారు. ఆయనకు జీతమిచ్చేది కాంట్రాక్టు కంపెనీ, అధికారమిచ్చేది యూఎస్ మార్షల్స్ సర్వీసు. ఆ సర్వీసు పనిచేసేది అటార్నీ జనరల్ కింద, అంటే ప్రభుత్వ న్యాయశాఖ అధిపతి కింద. కోర్టును కాపాడేవాళ్ళలో పై నుంచి కింది దాకా ఎవరూ కోర్టు మనుషులు కారు.

ఇది మొదటి నుంచీ ఉన్న చిక్కే. 1789లో కోర్టులతో పాటే మార్షల్ పదవినీ చట్టం సృష్టించింది. నియమించేది మాత్రం దేశాధ్యక్షుడు. సమన్లు అందించడం, అరెస్టులు చేయడం, ఖైదీలను తీసుకురావడం, సాక్షులకు డబ్బులివ్వడం వాళ్ళ పనులు. మన కోర్టు అమీనా చేసే పని కూడా అందులో ఉంది. అలా కాగితాలు అందించడానికి వెళ్ళే, 1794 జనవరిలో జార్జియాలోని ఆగస్టాలో రాబర్ట్ ఫోర్సిత్ తుపాకీ గుండుకు బలయ్యాడు. విధి నిర్వహణలో చనిపోయిన మొదటి మార్షల్ ఆయనే. 1896 దాకా వీళ్ళకు జీతం లేదు, పనిని బట్టి ఫీజులే.

జడ్జికి అంగరక్షకుడిగా ఉండమని ఆ రోజుల్లో ఏ చట్టమూ చెప్పలేదు. ఆ ప్రశ్న 1889లో వచ్చింది. సుప్రీంకోర్టు జడ్జి స్టీఫెన్ ఫీల్డ్ అంతకు ముందు ఏడాది డేవిడ్ టెర్రీని కోర్టు ధిక్కారం కింద జైలుకు పంపాడు. టెర్రీ అంటే ఎవరో కాదు, ఒకప్పటి కాలిఫోర్నియా చీఫ్ జస్టిస్. పగ తీర్చుకుంటానని బెదిరించాడు. డేవిడ్ నీగల్ అనే డిప్యూటీ మార్షల్‌ని అటార్నీ జనరల్ జడ్జికి తోడుగా పెట్టాడు. లాత్రోప్ రైల్వే స్టేషన్‌లో పొద్దున ఫలహారం వేళ టెర్రీ వచ్చి ఫీల్డ్‌ని కొట్టాడు. నీగల్ కాల్చేశాడు. కాలిఫోర్నియా ఆయనపై హత్య కేసు పెట్టింది. ఫెడరల్ కోర్టు ఆయన్ని విడిపించింది, 1890లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. చట్టాలు అమలయ్యేలా చూడటం అధ్యక్షుడి బాధ్యత, జడ్జిని కాపాడటం అందులో భాగమే అంది. జడ్జి ప్రాణం నిలిచింది, కానీ ఆ రక్షణ ప్రభుత్వం ఇచ్చేదేనని కోర్టే రాసుకున్నట్టయింది.

కోర్టు మాట వీధిలో చెల్లాలంటే మార్షల్ కదలాలి. 1960 నవంబరులో న్యూ ఆర్లియన్స్‌లో ఆరేళ్ళ నల్లజాతి పాప రూబీ బ్రిడ్జెస్‌ను, అరుస్తున్న గుంపు మధ్యలోంచి అప్పటిదాకా తెల్లవాళ్ళకే పరిమితమైన బడికి తీసుకెళ్ళింది వాళ్ళే. వెనుక ఉన్నది జడ్జి స్కెల్లీ రైట్ ఆదేశం. 1850 చట్టం కింద పారిపోయిన బానిసలను పట్టుకొచ్చిందీ ఇదే కొలువు. పట్టుకోనంటే వెయ్యి డాలర్ల జరిమానా.

1979లో శాన్ ఆంటోనియోలో జడ్జి జాన్ వుడ్‌ను ఇంటి ముందే చంపారు. నీలం కోట్ల ఏర్పాటు 1983లో మొదలైంది. కానీ గుమ్మం దగ్గర తనిఖీ ఇంటిని కాపాడదు. 2020లో న్యూజెర్సీలో జడ్జి ఎస్తర్ సాలాస్ కొడుకు డేనియల్ ఇంటి తలుపు దగ్గరే హతమయ్యాడు. జడ్జీల ఇంటి చిరునామాలు దాచే చట్టం 2022లో అతని పేరుతోనే వచ్చింది.

డిప్యూటీ మార్షల్ కావాలంటే అమెరికా పౌరుడై ఉండాలి, 37 నిండకముందే చేరాలి, జార్జియాలోని గ్లింకోలో శిక్షణ పొందాలి. కోర్టులకు భద్రత ఇవ్వడం, వాటి ఆదేశాలన్నీ అమలు చేయడం సర్వీసు మొదటి విధి అని చట్టం అంటుంది. భద్రత విషయంలో ఫెడరల్ జడ్జీల విధాన మండలి అయిన జ్యుడిషియల్ కాన్ఫరెన్స్‌ను సంప్రదించాలనీ అంటుంది, చివరి మాట మాత్రం సర్వీసుదే. ప్రభుత్వమే కక్షిదారుగా ఉన్న కేసులో దానికి వ్యతిరేకంగా తీర్పిచ్చే జడ్జి, ఆ రాత్రి నిద్రపోయేది ఆ ప్రభుత్వం పంపిన కాపలా నమ్మకం మీదే. ఈ టెన్షన్ జడ్జీలకు ఉండకూడదు. సర్వీసును న్యాయవ్యవస్థ కిందికి మార్చాలని 2025లో కొందరు సెనేటర్లు బిల్లు పెట్టింది ఇందుకే.