విదేశీ బయ్యర్‌తో వ్యాపారం: రొయ్యల ఎగుమతిలో అపోహలు - వాస్తవాలు

భీమవరం, కాకినాడ, విశాఖ చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో ఎగుమతి విభాగానికి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ముందు అడిగేది మర్యాదల గురించే. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలా, ఏ బహుమతి పట్టుకెళ్లాలి, విందులో ఎలా కూర్చోవాలి అని. అవి ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు. తప్పు చేసినా, పరాయి దేశం వాళ్లు కదా అని అవతలివాళ్లు సర్దుకుపోతారు. నేను చూసినంతలో బేరాలు ఎక్కువగా చెడేది చెడ్డ కబురు దగ్గర. దాన్ని ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది.

అపోహ: జపాన్ బయ్యర్ ఫిర్యాదు చేస్తే క్షమాపణ చెప్పి, డిస్కౌంట్ ఇస్తే సరిపోతుంది.

క్షమాపణ చెప్పాల్సిందే. కానీ అక్కడితో పని మొదలవుతుంది, అంతే. ప్యాకెట్లో వెంట్రుక కనిపించిందని ఫోటో పంపితే, మన దగ్గర్నుంచి సాధారణంగా వెళ్లే జవాబు: "క్లెయిమ్ ఎంతో చెప్పండి సార్, వచ్చే కంటైనర్‌లో సర్దేస్తాం." మన లెక్కలో అది పెద్దమనసు. ఆయన అడిగింది వేరు. ఆ ప్యాకెట్ ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఏ టేబుల్ మీద తయారైంది? వెంట్రుక ఎలా చేరింది? మళ్లీ చేరకుండా ఏం మార్చారు? ఇదంతా కాగితం మీద కావాలి, ఎందుకంటే ఆ కాగితాన్ని ఆయన తన పైవాళ్లకీ, సరుకు కొన్న సూపర్ మార్కెట్‌కీ చూపించుకోవాలి. అక్కడి కంపెనీల్లో చాలావరకు నిర్ణయం ఒక్కరి చేతిలో ఉండదు, ఫైలు పదిమంది చేతులు మారుతుంది. మొదటి ఆర్డర్‌కి నెలలు పట్టేదీ, ఒకసారి కుదిరాక ఏళ్ల తరబడి నిలిచేదీ అందుకే. కారణం ఇంకా తెలియకపోతే "వెతుకుతున్నాం, శుక్రవారానికి చెబుతాం" అని రాయండి. శుక్రవారం కూడా తేలకపోతే ఆ మాటే రాయండి. మౌనం మాత్రం వద్దు.

2012లో మన రొయ్యల్లో ఎథాక్సీక్విన్ కోసం జపాన్ పరీక్షలు మొదలుపెట్టినప్పుడు చాలామంది దాన్ని కక్ష అనుకున్నారు. అది మేతలో, చేపపొడి పాడవకుండా కలిపే పదార్థం. జపాన్‌లో 2006 నుంచి ఒక నియమం ఉంది: ప్రత్యేకంగా పరిమితి పెట్టని రసాయనానికి 0.01 పీపీఎం (పది లక్షల భాగాల్లో 0.01 భాగం) వర్తిస్తుంది. రొయ్యలకీ అదే వర్తించింది. 2014లో ఆ పరిమితిని 0.2 పీపీఎంకి పెంచారు. పెంచేదాకా మాత్రం పాత అంకెనే అక్షరాలా అమలు చేశారు. పరిచయాన్ని చూసి నియమం వంగుతుందనే ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: అమెరికన్లు కలివిడిగా ఉంటారు, వాళ్లకి పెద్ద పట్టింపులుండవు.

బోస్టన్ సీఫుడ్ ఎక్స్‌పోలో భుజం తట్టి, పిల్లల చదువులు అడిగి, పేరు పెట్టి పిలుస్తారు. ఆ ఆప్యాయత నిజమే. కాంట్రాక్టు కాగితం దారి మాత్రం వేరు. అందులో రాసిన ప్రతి అంకెనీ కొలుస్తారు, తేడా వస్తే బిల్లులోంచి కోస్తారు. అందులో పగ ఏమీ ఉండదు, మరునాడు మళ్లీ అంతే ఆప్యాయంగా ఫోన్ చేస్తారు. మనవాళ్లు అక్కడే నొచ్చుకుంటారు, "ఇన్నేళ్ల స్నేహం" అంటారు.

కౌంట్ సంగతి చూడండి. మన చెరువు గట్టు మీద 30 కౌంట్ అంటే తలతో ఉన్న రొయ్యలు కిలోకి 30. అమెరికా బయ్యర్ 16/20 అన్నాడంటే తల తీసిన రొయ్యలు పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 16 నుంచి 20. యూరప్‌లో తలతో ఉన్న సరుకుకి మళ్లీ కిలో లెక్క. తేదీ కూడా అంతే: 03/04 అంటే అమెరికన్‌కి మార్చి 4, మనకి ఏప్రిల్ 3. నెల పేరు అక్షరాల్లో రాయండి.

అపోహ: చైనాతో అంతా ధర బేరమే.

ధర గట్టిగానే అడుగుతారు. కానీ సమయం అంతకన్నా గట్టిది. వాళ్ల కొత్త సంవత్సరం జనవరి 21, ఫిబ్రవరి 20 మధ్య ఏటా మారుతుంది. పండగ విందుల సరుకు ముందే రేవు దాటి మార్కెట్లో ఉండాలి. ఓడ ఆలస్యమవుతుందని తెలిసిన గంటలోనే ఫోన్ చేసి చెబితే, ఆయన ఇంకొక దారి చూసుకుంటాడు, మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటాడు. అక్కడ ఈమెయిల్ పంపి ఎదురుచూస్తూ కూర్చోవడం దండగ.

అపోహ: డచ్చివాళ్లు, జర్మన్లు కటువుగా రాస్తారు, మనమంటే చిన్నచూపు.

వాళ్లలో వాళ్లు కూడా అలాగే రాసుకుంటారు. రెండు వాక్యాల మెయిల్‌కి రెండు వాక్యాల జవాబు చాలు.

అపోహ: సంస్కృతి తేడా దేశం దాటాకే ఎదురవుతుంది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ప్లాంట్ తనిఖీకి బయ్యర్ పంపిన ఆడిటర్, రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే గ్రేడింగ్ టేబుల్ దగ్గర నిలబడిన అమ్మాయిని నేరుగా అడుగుతాడు: "చేతికి గాయమైతే ఏం చేస్తావు?" ఆమె సూపర్‌వైజర్ ముఖం వంక చూస్తుంది. ఆ ఒక్క చూపుతో ఆడిటర్‌కి ప్లాంట్ అర్థమైపోతుంది. ఇక రిజిస్టర్లు ఎంత శుభ్రంగా ఉన్నా వాటిని అనుమానంతోనే తిరగేస్తాడు. పైవాళ్ల ముందు నోరెత్తకపోవడం మన దగ్గర అణకువ. అదే అణకువతో, సరుకు మైనస్ 14 డిగ్రీల దగ్గరున్నా రాత్రి షిఫ్ట్ కుర్రాడు రిజిస్టర్‌లో ఉండాల్సిన మైనస్ 18 అనే రాసేస్తాడు, తిట్లు పడతాయని. జపాన్ బయ్యర్‌కి మనం రాయాల్సిన కారణం ఆ కుర్రాడి దగ్గరే ఆగిపోయింది. ఆ అబద్ధానికి అతన్ని తప్పుపట్టడం అన్యాయం, ఆ భయం పెట్టింది మనమే.

మేం చేసి చూసినవాటిలో పనికొచ్చింది చెబుతాను. అర్ధరాత్రి లోడింగ్ ఆపే అధికారం ఆ షిఫ్ట్ ఆపరేటర్‌కే ఇచ్చి, కాగితం మీద రాసి, తలుపు పక్కన తెలుగులోనూ ఒడియాలోనూ అంటించండి. ఎక్స్‌పోర్ట్ మేనేజర్ ఫోన్ నంబర్ దాని కిందే ఉండాలి. లోడింగ్ ఆపినందుకు ఎవరి జీతమూ కోయకూడదు, ఓడ తప్పినా సరే.