సాటివా రద్దుకు పదమూడేళ్లు ఎందుకు పట్టింది?

కుళాయిలో మురికినీళ్లొస్తే మనం మున్సిపాలిటీని తిడతాం, హైదరాబాద్‌లోనైతే జలమండలిని. కాలిఫోర్నియాలో చాలాచోట్ల నీళ్లివ్వడానికే విడిగా చిన్న చిన్న ప్రభుత్వ సంస్థలుంటాయి. వాటర్ డిస్ట్రిక్ట్‌లంటారు. వాటికి ఎన్నికైన బోర్డు, సొంత బిల్లులు, సొంత పెత్తనం.

సాటివా అలాంటిదే. లాస్ ఏంజెలెస్ కౌంటీలో కాంప్టన్, విల్లోబ్రూక్ ప్రాంతాల కోసం 1938లో పెట్టారు. సుమారు 1,600 కనెక్షన్లు, మీటర్లు ఉండేవి కావు, ఎంత వాడినా నెలకు 65 డాలర్లు కడితే సరిపోయేది. జనానికి హాయిగానే ఉంటుంది కానీ, ఆ రాబడితో పాతకాలం పైపులు మార్చడం అయ్యే పనేనా? భూగర్భ జలంలోని మాంగనీసు ఆ పైపుల్లో పేరుకుపోయేది. లైన్లు కడిగినప్పుడు ఊడివచ్చి, కుళాయిల్లో డికాషన్ రంగు నీళ్లు పడేవి. 2018లో జనం ఆ నీళ్లను సీసాల్లో పట్టుకుని మీటింగులకొచ్చారు. రంగు మారినా నీళ్లు సురక్షితమేనని సంస్థ చెప్పింది. ఆ మాట చెప్పినవాళ్లు ఆ నీళ్లతో వంట చేసుకుంటారా అని ఎవరికైనా అనిపిస్తుంది.

నిజానికి గొడవ అప్పటిది కాదు. ఇలాంటి సంస్థల హద్దులు, మనుగడ చూసే కమిషన్‌ను లాఫ్కో అంటారు. సాటివాను ఎత్తేయాలన్న మాట 2005లో ఒకసారి, 2012లో మరోసారి దాని ముందుకొచ్చింది. రెండుసార్లూ అక్కడే ఆగింది. మామూలు పద్ధతిలో రద్దు చేయాలంటే నోటీసులివ్వాలి, అభ్యంతరాలు వినాలి, అవసరమైతే ఓటింగ్ పెట్టాలి. దానికన్నా పెద్ద చిక్కు, ఆ పైపులను నెత్తినేసుకునేదెవరన్నది. తీసుకున్నవాళ్ల మీదే ఖర్చూ పడుతుంది, రేపు కోర్టు కేసులూ పడతాయి.

ఈ ముడి విప్పింది ఏబీ 1577 అనే చట్టం. అసెంబ్లీ సభ్యుడు మైక్ గిప్సన్ బిల్లు పెట్టగా, 2018 సెప్టెంబరులో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేశారు. బోర్డు చేతిలోంచి పెత్తనం తీసి, దాని బదులు సంస్థను నడిపే అడ్మినిస్ట్రేటర్‌కిచ్చే దారి అందులో ఉంది. అభ్యంతరాల తతంగం లేకుండానే రద్దు చేయొచ్చు. పాత తప్పులకు కొత్తగా వచ్చినవాళ్లను బాధ్యుల్ని చేయకుండా రక్షణ కూడా ఉంది. నా లెక్కలో అసలు కీలకం ఇదే. ఇది లేకపోతే ఎవరూ ముందుకొచ్చేవారు కాదు.

ఆ శరదృతువులోనే కౌంటీ పబ్లిక్ వర్క్స్ శాఖ బాధ్యత తీసుకుంది. అయితే కౌంటీ అక్కడ ఉండిపోవడానికి రాలేదు. ముందునుంచీ అది తాత్కాలిక ఏర్పాటే. చివరికి 2022లో ఆ వ్యవస్థ సబర్బన్ వాటర్ సిస్టమ్స్ అనే ప్రైవేటు కంపెనీ చేతికి వెళ్లింది. బోర్డుకు ఓటేసిన జనం ఇప్పుడు ఆ కంపెనీకి కస్టమర్లు.