రద్దీ నగరాల్లో సెలవులు: టూర్ మేనేజర్ చెప్పే అపోహలు, వాస్తవాలు

గ్రూపుల్ని వెంటబెట్టుకుని వెనిస్, పారిస్, రోమ్, క్యోటో లాంటి ఊళ్లు తిప్పడం నా పని. బయల్దేరే ముందు జరిగే మీటింగులో ప్రతి గ్రూపూ దాదాపు అవే మాటలు అంటుంది. కొందరు అతిగా భయపడతారు, కొందరు అతి ధీమాగా ఉంటారు. ఎక్కువగా వినిపించే మాటల్ని ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: "అంత జనంలో ఏం చూస్తాం? వెళ్లడమే దండగ"

జనం ఉన్నమాట నిజమే. కానీ ఊరంతా ఉండరు, రోజంతా ఉండరు. కొన్ని వీధుల్లో, కొన్ని గంటలపాటు ఉంటారు. వెనిస్ సంగతే చూడండి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయే యాత్రికుల మీద ఆ నగరం 2024 ఏప్రిల్ 25న ప్రవేశ రుసుము మొదలుపెట్టింది. ఏడాదంతా కాదు, రద్దీ ఎక్కువని ముందే ఎంచుకున్న రోజుల్లో మాత్రమే. అది వర్తించే వేళలు పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా. అంటే రద్దీ ఎప్పుడో నగరపాలక సంస్థే టైమ్‌టేబుల్ వేసి మన చేతికిచ్చినట్టే. రాత్రికి ఊళ్లోనే బస చేసేవాళ్లకు ఆ రుసుము లేదు, మినహాయింపు నమోదు చేసుకుంటే చాలు.

ఆ గంటల్లో కూడా జనమంతా ఒకే దారిలో నడుస్తారు. రైల్వే స్టేషన్ నుంచి రియాల్టో వంతెనకి, అక్కణ్నుంచి సాన్ మార్కో చౌక్‌కి. ఆ దారి వదిలి నాలుగు సందులు పక్కకి వెళ్తే ఊపిరాడుతుంది. కాస్తెల్లో అనే పేట తూర్పు కొసకి వెళ్తే ఇళ్ల మధ్య ఆరేసిన బట్టలు, ఆడుకునే పిల్లలు కనిపిస్తారు. మేం సాన్ మార్కోని తెల్లవారగానే ఒకసారి, రాత్రి భోజనం అయ్యాక ఒకసారి చూపిస్తాం. మధ్యాహ్నం అటు వైపే వెళ్లం.

క్యోటోలో ఫుషిమి ఇనారి క్షేత్రం ఇంకా సులువు. ఇరవై నాలుగ్గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. ఎర్ర తోరణాల వరస మొదట్లో ఫొటోల కోసం కిక్కిరిసి ఉంటారు. చాలామంది అక్కడికే వెనక్కి తిరుగుతారు. కొండ మొత్తం ఎక్కినా 233 మీటర్లే, పైకి వెళ్లేకొద్దీ జనం పలచబడతారు. ఓపికున్న కాళ్లకి అది దొరికే బహుమతి.

ఇంకో సంగతి. జనం వల్ల వచ్చే సుఖాలు కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ లెక్కలో వేయరు. నాలుగు నిమిషాలకో మెట్రో, చాలా భాషల్లో బోర్డులు, పొద్దుపోయేదాకా తెరిచుండే మ్యూజియంలు ఇవన్నీ యాత్రికులు దండిగా వచ్చే ఊళ్లలోనే ఉంటాయి. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం బుధ, శుక్రవారాల్లో రాత్రి తొమ్మిది వరకు ఉంటుంది. గ్రూపు బస్సులు వెళ్లిపోయాక, ఆ సాయంత్రాల్లో దాన్ని చూడటం వేరే అనుభవం. జనాన్ని తిట్టుకునేవాళ్లు ఒక్కసారి యాత్రికులు రాని ఊళ్లో ఆదివారం సాయంత్రం బస్సు కోసం నిలబడి చూడాలి.

అపోహ: "స్కిప్ ది లైన్ టికెట్ కొన్నాం, ఇక లైనే ఉండదు"

ఈ ఒక్క మాట మీద నాకు అయ్యే తగాదాలు అన్నీ ఇన్నీ కావు. పెద్ద మ్యూజియం దగ్గర ఉండేది ఒక లైను కాదు, మూడు. టికెట్ కొనే లైను, సెక్యూరిటీ తనిఖీ లైను, లోపల అసలు వస్తువు ముందు లైను. స్కిప్ ది లైన్ అంటే మొదటిది తప్పుతుంది, అంతే. రెండోది ఎవరికీ తప్పదు. మూడోదాన్ని ఏ టికెట్టూ ఆపలేదు.

లూవ్ర్‌లో మోనాలిసా గదికి వెళ్తే ఈ మూడో లైను అంటే ఏమిటో తెలుస్తుంది. బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. దాని ముందు అద్దం, ఆ ముందు అడ్డుకట్ట, ఆ ముందు వందల ఫోన్లు. అందరూ వీపు తిప్పి నిలబడే ఎదుటి గోడ మీద ఇటలీ చిత్రకారుడు వెరోనీసె గీసిన, బైబిల్లోని కానా పెళ్లి విందు చిత్రం ఉంటుంది. దాదాపు పది మీటర్ల వెడల్పు, మ్యూజియంలో ఉన్నవాటిలోకెల్లా పెద్ద పెయింటింగ్. దాని ముందు ఎంతసేపు నిలబడినా తోసేవాళ్లు ఉండరు. నన్నడిగితే ఆ గదిలో మొదట చూడాల్సింది అదే.

టైమ్ స్లాట్ టికెట్ మాత్రం తప్పనిసరి. ఏథెన్స్‌లో ప్రాచీన గుళ్లున్న ఆక్రోపొలిస్ కొండకి 2023 సెప్టెంబర్ నుంచి రోజుకి 20,000 మందినే అనుమతిస్తూ గంటలవారీ స్లాట్లు పెట్టారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో, నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన బాలిక ఆన్ ఫ్రాంక్ ఇల్లు, అంటే ఆన్ ఫ్రాంక్ హౌస్ టికెట్లు ఆన్‌లైన్‌లో తప్ప దొరకవు. ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకు విడుదల చేస్తారు, అవి త్వరగా అయిపోతాయి. రోమ్‌లో ప్రాచీన క్రీడాస్థలం కొలోసియం టికెట్ మీద 2023 అక్టోబర్ నుంచి పేరు ఉంటోంది, గేటు దగ్గర పాస్‌పోర్టుతో సరిచూస్తారు. కాబట్టి బయట ఎవరో చేతిలో పెట్టే టికెట్టుతో లోపలికి వెళ్లలేరు. టికెట్ ఎప్పుడైనా ఆ కట్టడం సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. సెర్చ్‌లో పైన కనిపించేది చాలాసార్లు మధ్యవర్తుల పేజీ.

టికెట్ చేతిలో ఉన్నా ఒక్కోసారి ఏమీ చేయలేం. 2025 జూన్ 16న లూవ్ర్ సిబ్బందే రద్దీ తట్టుకోలేకపోతున్నామంటూ పని ఆపేశారు. టికెట్లున్నవాళ్లూ గంటలకొద్దీ బయట నిలబడ్డారు. అందుకే నేను అతి ముఖ్యమైన చోటుని చివరి రోజున ఎప్పుడూ పెట్టను.

అపోహ: "మళ్లీ ఎప్పుడొస్తామో, రోజుకి ఆరేడు చూసేద్దాం"

ఖర్చు పెట్టుకుని అంత దూరం వచ్చినవాళ్ల ఆరాటం నాకు అర్థమవుతుంది. కానీ రద్దీ ఊళ్లో అలుపు నడక వల్ల కంటే నిలబడటం వల్ల ఎక్కువ వస్తుంది. టికెట్ పెట్టి లోపలికి వెళ్లే పెద్ద చోట్లు రోజుకి రెండు. మూడోది పెడితే మొదటి రెండూ పాడవుతాయి. మూడో రోజుకి గ్రూపులో మాటామాటా పెరుగుతుంది. ఏ గుడి పేరు ఏదో, ఏ బొమ్మ ఎక్కడ చూశామో కలగాపులగం అయిపోతుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం గదికొచ్చి నడుం వాల్చడం, ఎండ తగ్గాక ఇంకొకటి. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ఇంతకు మించి పెట్టకండి. వేసవిలో ఎండ కూడా నిర్ణయిస్తుంది. 2023, 2024 వేసవుల్లో వడగాడ్పుల వల్ల ఆక్రోపొలిస్‌నే మధ్యాహ్నం వేళ మూసేసిన రోజులున్నాయి.

అపోహ: "ఉచితంగా వదిలే రోజున వెళ్తే లాభం"

ఉచితమని మీకు తెలిసినప్పుడు మిగతావాళ్లకీ తెలుసు. ఇటలీలో ప్రభుత్వ మ్యూజియంలు నెలలో మొదటి ఆదివారం ఉచితం. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం ఉచితం, అదీ సగం రోజే. రెండుచోట్లా ఆ రోజు రద్దీ మామూలుగా ఉండదు. ఊళ్లో ఒక్కపూటే ఉండేవాళ్లు ఆ రోజుని వదిలేయాలి.

అపోహ: "ఆఫ్ సీజన్‌లో ఊరు ఖాళీగా ఉంటుంది"

సీజన్ అనేది ఊరిని బట్టి. క్యోటోకి మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో చెర్రీ పూల జనం వస్తారు, నవంబర్‌లో ఎర్రబడిన మేపుల్ ఆకుల కోసం వస్తారు. వెనిస్ చలికాలంలో ఖాళీ అనుకుని ఫిబ్రవరిలో వెళ్తే కార్నివాల్ అనే ముసుగుల పండుగ ఎదురవుతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏప్రిల్ 27 రాజుగారి పుట్టినరోజు పండుగ, ఆ రోజు వీధుల్లో కాలు పెట్టే చోటుండదు. అది చూడటానికే వెళ్తే మహా సరదా, తెలియక వెళ్తే నరకం.

నెలతో పాటు వారం కూడా చూడాలి. లూవ్ర్‌కి మంగళవారం సెలవు. ఒర్సే మ్యూజియానికి, వెర్సాయ్ కోటకి సోమవారం సెలవు. దాంతో సోమవారం జనం లూవ్ర్ మీద, మంగళవారం మిగతా రెంటి మీద పడతారు. ఈ ఒక్క లెక్క చూసుకుంటే చాలు, పారిస్‌లో బోలెడు సమయం మిగులుతుంది.

రేవు ఊళ్లయితే క్రూయిజ్ ఓడల లెక్క ఉంటుంది. ఒక పెద్ద ఓడ వేల మందిని ఒకేసారి పాత ఊళ్లోకి దింపుతుంది. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌లో ఈ బాధ భరించలేకే ఓడల సంఖ్యకు పరిమితి పెట్టారు. వెనిస్‌లో 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడల్ని ఊరి నడుమ నుంచి పోయే జుదెక్కా కాలువలోకి రానివ్వడం లేదు. ఏ రోజు ఏ ఓడ వస్తుందో చాలా రేవులు ముందే ప్రకటిస్తాయి. నేను ఐటినరరీ వేసేముందు ఆ పట్టిక చూస్తాను. మీరూ చూడొచ్చు, దానికి టూర్ మేనేజర్ అక్కర్లేదు.

అపోహ: "హోటల్‌లో ఉండేదెంతసేపు? ఊరి బయట తీసుకుంటే సరి"

ఇది సగం నిజం. డబ్బు మిగులుతుంది, కానీ రోజుకి రెండు గంటల దాకా ప్రయాణంలో పోతాయి. పై రెండు విషయాలూ, అంటే తెల్లవారే చూడటం, మధ్యాహ్నం నడుం వాల్చడం, దూరంగా ఉంటే కుదరవు. రద్దీ గంటల్లో ఊళ్లోకొచ్చి, రద్దీ గంటల్లోనే బయటికెళ్లాల్సి వస్తుంది. మధ్యేమార్గం ఒకటుంది. మెట్రో మారకుండా నేరుగా వెళ్లే లైన్ మీద, నడిబొడ్డుకి మూడు నాలుగు స్టేషన్ల అవతల. గది కొంచెం చిన్నదైనా పర్వాలేదు, స్టేషన్ దగ్గర ఉండాలి. వెనిస్‌లో అయితే ఇంకో చిక్కు. అక్కడ వంతెనలు 400కు పైనే, చాలావాటికి మెట్లే. పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చిన మనిషికి ఆ ఊరి అందం మొదటి గంట కనిపించదు.

అపోహ: "చుట్టూ ఇంతమంది ఉండగా మనకేం భయం?"

జేబుదొంగకి కావాల్సింది ఆ ఇంతమందే. వాడు చీకటి సందుల్లో ఉండడు. మెట్రో తలుపు మూసుకునే క్షణంలో, ఎస్కలేటర్ చివర, వీధి కళాకారుడి చుట్టూ మూగిన గుంపులో ఉంటాడు. 'జేబుదొంగలున్నారు జాగ్రత్త' అన్న బోర్డు చూడగానే చాలామంది పర్సు ఉందో లేదో చేత్తో తడుముకుంటారు. పర్సు ఎక్కడుందో అప్పుడు వాడికి తెలిసిపోతుంది. ఎవరైనా సంతకం చేయమని అట్ట చేతికిచ్చినా, చేతికి దారం కట్టబోయినా ఆగకండి. నవ్వుతూ, నడుస్తూనే వద్దనండి. పాస్‌పోర్టు, ఒక కార్డు బట్టల లోపల ఉండాలి. ఆ రోజు ఖర్చుకి సరిపడా డబ్బు మాత్రమే పైజేబులో.

దీనికంటే పెద్ద ప్రమాదం తొక్కిసలాట. 2022 అక్టోబర్ 29 రాత్రి దక్షిణ కొరియా రాజధాని సోల్‌లోని ఇతేవాన్ పేటలో ఒక ఇరుకు సందులో 159 మంది చనిపోయారు. అక్కడ మంటలు లేవు, పేలుడు లేదు. ఉన్నది జనం ఒత్తిడే. చదరపు మీటరుకి ఐదుగురిని మించితే గుంపు మన చేతుల్లో ఉండదని ఈ రంగంలో చదువుకున్నవాళ్లు చెబుతారు. లెక్కపెట్టక్కర్లేదు. మీ చేతులు పైకెత్తి మొహం తుడుచుకోలేకపోతున్నారంటే వెంటనే బయటపడాలి. ఎదురు నడవొద్దు. గుంపు కదిలే వైపే పోతూ, ఐమూలగా అంచుకి జరగండి. చేతులు ఛాతీ ముందు పెట్టుకుని ఊపిరికి చోటు కాపాడుకోండి. కిందపడ్డ ఫోన్ కోసం వంగొద్దు. బాణసంచా, కొత్త సంవత్సరం లాంటి రాత్రుల్లో మా గ్రూపుని ఎప్పుడూ వెడల్పాటి చోట, బయటికి దారి కనిపించేలా నిలబెడతాను. వ్యూ కొంచెం తగ్గుతుంది. తగ్గనివ్వండి.

అపోహ: "మనం డబ్బు ఖర్చు పెడుతున్నాం, వాళ్లకి కోపమెందుకు?"

2024 జూలైలో బార్సిలోనాలో నిరసనకారులు యాత్రికుల మీద నీళ్ల తుపాకులతో చిమ్మిన వీడియోలు చూసి చాలామంది బెదిరిపోయారు. వాళ్ల కోపానికి మూలం ఇంటి అద్దె. ఇళ్లన్నీ యాత్రికులకు రోజు అద్దెకి పోతే ఊరివాళ్లకి ఇళ్లు దొరకడం లేదు. అందుకే అక్కడి మేయర్ 2028 నవంబర్ నాటికి పదివేలకు పైగా టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులు ముగిస్తామని ప్రకటించారు. వెనిస్ పాతబస్తీలో కాపురముండేవాళ్లు 50,000 లోపుకి పడిపోయారు. క్యోటోలో గియోన్ ప్రాంతపు ప్రైవేటు సందుల్లోకి 2024 నుంచి యాత్రికుల్ని రానివ్వడం లేదు. సంప్రదాయ నాట్యకత్తెలైన గెయిషాల వెంటపడి ఫొటోలు తీసినవాళ్లే దానికి కారణం. అదే ఊళ్లో బస్సుల రోజు పాస్ కూడా ఎత్తేశారు, సూట్‌కేసులతో బస్సులు నిండిపోయి ఊరివాళ్లు ఎక్కలేకపోతున్నారని.

మనిషిగా మీమీద ఎవరికీ పగ లేదు. ఎస్కలేటర్ మీద ఒక పక్కకి నిలబడటం, వంతెన మధ్యలో గ్రూపు ఫొటోకి ఆగకపోవడం, సామాను బస్సులో కాకుండా కొరియర్‌లోనో లాకర్‌లోనో పెట్టడం, ఒకరింటి గుమ్మం మీద కూర్చోకపోవడం. చాలావరకు ఇంతే. పలకరింపు మాట ఒక్కటి వాళ్ల భాషలో నేర్చుకుని వెళ్తే ఎదుటివాళ్ల మొహం మారడం మీరే చూస్తారు.

అపోహ: "చేతిలో ఫోనుంది, తప్పిపోవడమేంటి?"

జనం వేలల్లో ఉన్నచోట నెట్‌వర్క్ మొరాయిస్తుంది. రోజంతా ఫొటోలు, మ్యాపులు చూశాక సాయంత్రానికి బ్యాటరీ ఉండదు. ప్రతి చోటా లోపలికి వెళ్లేముందే కలుసుకునే చోటు చెప్పుకోండి. 'గేటు దగ్గర' అనొద్దు, పెద్ద కట్టడాలకి గేట్లు చాలా ఉంటాయి. విగ్రహమో, గడియార స్తంభమో, కదలనిది ఏదైనా చూపించి చెప్పండి. హోటల్ పేరు, అడ్రసు కాగితం మీద రాసి పెద్దవాళ్ల జేబులో, పిల్లల జేబులో పెట్టండి. మెట్రోలో ఒకరు ఎక్కి మిగతావాళ్లు మిగిలిపోతే, ఎక్కినవాళ్లు తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫారం మీదే ఉండాలి, మిగతావాళ్లు వెనక బండిలో రావాలి. ఈ ఒక్క నియమం అందరితో పైకి చెప్పించి మరీ నేను మొదటి రోజు మెట్రో ఎక్కిస్తాను.