లాగిన్ స్క్రీన్ రాకపోతే లైనక్స్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

లాగిన్ స్క్రీన్ రావాల్సిన చోట నల్లటి తెర కనిపించగానే చాలామంది ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ వెతుక్కుంటారు. సిస్టమ్ అడ్మిన్‌గా నన్ను బాగా బాధపెట్టే కేసులు ఇవే. చిన్న సవరణతో పోయే సమస్యకు డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి, ఫైళ్లు పోయాక వస్తారు.

అపోహ: తెర నల్లగా ఉందంటే సిస్టమ్ బూట్ కాలేదు.

చాలాసార్లు బూట్ దాదాపు పూర్తయ్యే ఉంటుంది. కెర్నల్ (లైనక్స్ మూల ప్రోగ్రామ్) లోడవుతుంది, డిస్కులు మౌంట్ అవుతాయి, సర్వీసులు లేస్తాయి. లాగిన్ తెర చూపించే డిస్‌ప్లే మేనేజర్ వంతు దాదాపు చివర్లో వస్తుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. టెక్స్ట్ లాగిన్ వస్తే మీ సిస్టమ్ బతికే ఉంది, ఫైళ్లూ ఉన్నాయి. టెన్షన్ పక్కన పెట్టి లోపలికి వెళ్లి 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ డిస్‌ప్లే-మేనేజర్' అని అడగండి. మీ డిస్‌ప్లే మేనేజర్ జీడీఎమ్మా, ఎస్‌డీడీఎమ్మా, లైట్‌డీఎమ్మా, అది నడుస్తోందా ఆగిపోయిందా అన్నీ చెబుతుంది. అసలు మొదలే కాలేదంటే 'సిస్టమ్‌సీటీఎల్ గెట్-డిఫాల్ట్' చూడండి. జవాబు 'మల్టీ-యూజర్ టార్గెట్' అయితే ఏదీ పాడవలేదు, టెక్స్ట్ మోడ్‌లో ఆగమని సెట్టింగ్ ఉందంతే. 'సెట్-డిఫాల్ట్'తో గ్రాఫికల్ టార్గెట్‌కు మార్చి రీబూట్ చేయండి.

అపోహ: పాస్‌వర్డ్ కొట్టాక మళ్లీ లాగిన్ స్క్రీనే వస్తోందంటే పాస్‌వర్డ్ తప్పు.

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. పాస్‌వర్డ్ తప్పైతే తెర మీదే ఆ మాట చెబుతుంది. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి లాగిన్‌కే వచ్చిందంటే పాస్‌వర్డ్ ఒప్పుకుంది, మీ సెషన్ మొదలై వెంటనే పడిపోయింది. టెక్స్ట్ లాగిన్‌లో అదే పాస్‌వర్డ్ పనిచేస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

నేను ముందు డిస్క్ నిండిందేమో చూస్తాను. ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ మామూలుగా 5 శాతం చోటు రూట్ (అన్ని అధికారాలున్న అడ్మిన్ ఖాతా) కోసం అట్టిపెడుతుంది. అందుకే డిస్క్ నిండినా రూట్‌గా నడిచే సర్వీసులు లేస్తాయి, లాగిన్ తెర చక్కగా కనిపిస్తుంది. మామూలు యూజర్ సెషన్ మాత్రం తన ఫైళ్లు రాసుకోలేక పడిపోతుంది. 'డీఎఫ్' కమాండ్ 100 శాతం చూపిస్తే ప్యాకేజీ క్యాష్, పాత లాగ్‌లు తీసేయండి.

తర్వాత హోమ్ ఫోల్డర్‌లోని డాట్ ఎక్స్‌అథారిటీ ఫైల్. గ్రాఫికల్ తెరను నడిపే ఎక్స్ సర్వర్‌లోకి అనుమతినిచ్చే తాళంచెవి ఇందులో ఉంటుంది. ఎవరైనా సుడోతో, అంటే రూట్ అధికారంతో, ఎక్స్‌ను మొదలుపెట్టే 'స్టార్ట్ఎక్స్' నడిపితే ఈ ఫైల్ రూట్ పేరు మీదికి వెళ్లిపోవచ్చు. అప్పుడు ఎక్స్ సెషన్ దాన్ని చదవలేదు. 'చౌన్'తో మళ్లీ మీ పేరు మీదికి మార్చండి. అదీ కాకపోతే లాగిన్ అవగానే నడిచే డాట్ ప్రొఫైల్ ఫైల్‌లో ఈమధ్య చేర్చిన లైన్ చూడండి, 'ఎగ్జిట్' అన్న ఒక్క మాట చాలు సెషన్‌ను ముగించడానికి.

ఇన్ని వెతికే ఓపిక లేకపోతే కొత్త యూజర్‌ను సృష్టించి లాగిన్ అవ్వండి. ఆ యూజర్ లోపలికి వెళ్లగలిగితే లోపం దాదాపుగా మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంది, డ్రైవర్ల జోలికి వెళ్లనక్కర్లేదు.

అపోహ: అప్‌డేట్ తర్వాత పోయిందంటే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

కొత్త కెర్నల్ వచ్చినప్పుడు దానికి తగ్గట్టు ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ మాడ్యూల్ కూడా తయారవ్వాలి. కెర్నల్ హెడర్లు (మాడ్యూల్ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు) లేకపోతే, మాడ్యూళ్లు తయారుచేసే డీకేఎంఎస్ దాన్ని కట్టలేదు. కట్టినా, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి మాడ్యూల్‌కు నమ్మదగిన సంతకం లేకపోతే కెర్నల్ లోడ్ చేయదు. బూట్ మొదట్లో వచ్చే గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో పాత కెర్నల్ ఎంచుకుని లోపలికి వెళ్లి, 'డీకేఎంఎస్ స్టేటస్' చూడండి.

అపోహ: 'నోమోడ్‌సెట్' పెడితే సరిపోతుంది.

గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టమని కెర్నల్‌కు చెప్పే ఈ బూట్ ఆప్షన్ లోపలికి వెళ్లడానికే. శాశ్వతంగా ఉంచితే గ్రాఫిక్స్ డ్రైవర్ తన పని చేయలేదు, రిజల్యూషన్ పడిపోతుంది, వేలాండ్ (ఎక్స్‌కు బదులుగా వచ్చిన కొత్త పద్ధతి) సెషన్ కూడా రాకపోవచ్చు. ఎక్కడినుంచో కాపీ చేసిన ఎక్స్ఆర్గ్ కాన్ఫ్ ఫైల్ (ఎక్స్ సర్వర్ సెట్టింగుల ఫైల్) సంగతీ అంతే. ఇప్పటి ఎక్స్ సర్వర్ హార్డ్‌వేర్‌ను తనే గుర్తుపడుతుంది, పాత ఫైల్ ఉంటే పేరు మార్చి చూడండి.

అపోహ: లాగ్‌లు నిపుణులకే అర్థమవుతాయి.

'జర్నల్‌సీటీఎల్'కు మైనస్ బి ఇస్తే ఈ బూట్ లాగ్ మాత్రమే చూపిస్తుంది, మైనస్ యు తర్వాత మీ డిస్‌ప్లే మేనేజర్ పేరు ఇస్తే ఇంకా తగ్గుతుంది. ఎక్స్ఆర్గ్ లాగ్‌లో అయితే రెండు 'ఈ' అక్షరాలు బ్రాకెట్‌లో ఉన్న లైన్లే ఎర్రర్లు. చివరి ఎర్రర్ కాదు, మొదటిది చదవండి. చాలాసార్లు మిగతావి దాని వల్ల వచ్చినవే.