ఐ-140 చేతికొస్తే వీసా వచ్చినట్టేనా? నర్సుల ఫైళ్ళ మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

ఈ పోస్టు రాయడానికి కారణం ఎప్పుడూ వినే ప్రశ్నే. "అక్కా, ఐ-140 అప్రూవ్ అయిపోయిండాది. డ్యూటీకి రాజీనామా ఇచ్చేద్దునా?" ఐ-140 అంటే ఈ మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటామని అమెరికా యజమాని అక్కడి ప్రభుత్వానికి వేసే పిటిషన్. ముందే అడిగేవాళ్ళకు ఎంత ఓపిగ్గానైనా చెబుతాను. ఇచ్చేసి వచ్చి అడిగేవాళ్ళను చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది.

నేను లాయర్ని కాను. అమెరికాలో లాయర్లు అడిగే కాగితాలను ఇక్కడ తిరుపతిలో పోగుచేయించి, ఒకదానితో ఒకటి సరిచూసి, డీఎస్-260 అనే ఇమిగ్రెంట్ వీసా ఫారం నింపించి, ఇంటర్వ్యూ దాకా వెంట ఉండే పని నాది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఈబీ-3 అనే ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డు విభాగంలో వెళ్ళే నర్సులే. స్విమ్స్‌లో, రుయాలో, వేలూరులో పనిచేసినవాళ్ళు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళు. ప్రయారిటీ డేట్ అంటే వీసా వరుసలో మీ చోటు చెప్పే తేదీ. ఎన్‌వీసీ అంటే ఇంటర్వ్యూకు ముందు ఫీజు, కాగితాలు తీసుకునే అమెరికా ప్రభుత్వ నేషనల్ వీసా సెంటర్.

అపోహ: ఐ-140 అప్రూవ్ అయింది, ఇక ఆరేడు నెలల్లో విమానం

ఇన్నేళ్ళలో ఎక్కువ ఇళ్ళను ముంచింది ఈ ఒక్క నమ్మకమే. పాకాల దగ్గర ఒక ఇంటికి కాగితాల కోసం వెళ్ళినప్పుడు అప్రూవల్ నోటీసును లామినేషన్ చేయించి దేవుడి గూట్లో పెట్టి ఉంచారు. బయటికి తీయించి చూశాను. దాని మీద రిసీవ్డ్ డేట్, ప్రయారిటీ డేట్, నోటీస్ డేట్ అని మూడు తేదీలుంటాయి. అమ్మాయి నాన్న స్కెచ్ పెన్నుతో నోటీస్ డేట్ చుట్టూ సున్నా చుట్టి పెట్టుకున్నాడు. ఇది వీసా కాదు, వీసాకు బదులుగా వాడకూడదు అని అదే కాగితం కింద అచ్చేసి ఉంటుంది. సరిగ్గా ఆ వరుస మీదే కుంకుమ బొట్టు పడింది. అప్పటికే అమ్మాయి ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం మానేసింది. మామిడి తోట మీద అప్పు తెచ్చారు. అమెరికా పిల్ల అని చెప్పి సంబంధం ఖాయం చేశారు. "మరి ఎప్పుడు పోతుందమ్మా?" అని పెద్దాయన అడిగితే, ఆ ముఖం చూసి నిజం చెప్పడానికి నాకు రెండో కాఫీ దాకా పట్టింది.

నిజం ఇది. ఐ-140 అప్రూవల్ వల్ల మీకొచ్చేది వరుసలో ఒక చోటు మాత్రమే. అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో సర్వదర్శనం టోకెన్ చేతికొచ్చినంత మాత్రాన దర్శనం అయిపోయినట్టు కాదని మన ఊళ్ళో చిన్నపిల్లలకూ తెలుసు. అక్కడ టోకెన్ మీద వేసిన సమయం ఎంతో, ఇక్కడ ప్రయారిటీ డేట్ అంతే. నర్సులకు షెడ్యూల్ ఎ అనే మినహాయింపు జాబితా కింద పెర్మ్ (ఆ ఉద్యోగానికి అమెరికాలో మనుషులు దొరకడం లేదని యజమాని ముందు నిరూపించే మెట్టు) ఉండదు కాబట్టి ఐ-140 అందిన రోజే ఆ తేదీ. సాఫ్ట్‌వేర్ వాళ్ళకైతే పెర్మ్ వేసిన రోజు.

ఇక వరుస ఎంత పొడవో చూడండి. ఉద్యోగ ఆధారిత ఇమిగ్రెంట్ వీసాలు ఏడాదికి దాదాపు 1,40,000. అందులో ఈబీ-3 వాటా 28.6 శాతం. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదు. అంటే ఇండియాకు ఈబీ-3లో మామూలుగా దక్కేది సుమారు 2,800. మొగుడూ పెళ్ళాం, పిల్లలు అందరూ ఆ లెక్కలోకే వస్తారు. అందుకే 2025లో చాలా నెలలు, ఏ తేదీ వాళ్ళకు వంతు వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ (స్టేట్ డిపార్ట్‌మెంట్) నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో ఇండియా ఈబీ-3 తేదీ 2013లోనే తిరుగుతూ ఉంది. నిన్న మొన్న ఐ-140 వేసిన అమ్మాయి ఏ ఆరునెలల లెక్కను నమ్ముకుని రాజీనామా ఇస్తుంది?

బులెటిన్‌లో రెండు పట్టికలుంటాయి. 'డేట్స్ ఫర్ ఫైలింగ్' మీ తేదీని దాటితే ఫీజు కట్టండి, కాగితాలు పెట్టండి అని ఎన్‌వీసీ పిలవచ్చు. మనిషికి 345 డాలర్లు కట్టేసి, కాగితాలన్నీ సరిగా ఉన్నాయని మెయిల్ రాగానే స్వీట్లు పంచేస్తారు. కానీ ఇంటర్వ్యూకైనా, వీసాకైనా రెండో పట్టికలోని 'ఫైనల్ యాక్షన్' తేదీ మీ తేదీని దాటాలి. ఆ తేదీ ముందుకే పోతుందన్న భరోసా కూడా లేదు, ఒక్కో నెల వెనక్కీ జరుగుతుంది. ప్రతి నెలా బులెటిన్ వస్తుంది, ఉచితంగా చదువుకోవచ్చు. దాని కోసం యూట్యూబ్‌లో 'బ్రేకింగ్' అని అరిచేవాళ్ళకు సబ్‌స్క్రిప్షన్ డబ్బులు కట్టాల్సిన పని లేదు.

ప్రీమియం ప్రాసెసింగ్ కడితే వరుసలో ముందుకు పోతామన్నది దీనికి తోబుట్టువు. ఆ డబ్బుతో ఐ-140 మీద నిర్ణయం తొందరగా వస్తుంది, అంతే. తేదీ వెంట్రుకవాసి కూడా కదలదు. పిల్లలున్నవాళ్ళు ఇంకొంచెం ఆలోచించండి. మీ ఫైలు మీదే రావడానికి పిల్లలకు 21 దాటిందా లేదా లెక్కేసేటప్పుడు ఐ-140 పెండింగ్‌లో ఉన్న రోజులను వయసులోంచి తీసేస్తారు. ప్రీమియంతో మూడు వారాల్లో తేల్చేసుకుంటే తీసేయడానికి మిగిలేవి ఆ మూడు వారాలే. ఇది మీ లాయర్‌ని అడిగాక కట్టండి.

వీసాస్క్రీన్ (విదేశీ నర్సుల చదువు, లైసెన్స్, ఇంగ్లీషు సరిచూసి ఇచ్చే సర్టిఫికెట్) సంగతీ అంతే. దాని చెల్లుబాటు ఐదేళ్ళు. వీసా ఇచ్చే రోజుకు అది బతికి ఉండాలి. పన్నెండేళ్ళ వరుసలో మొదటి ఏడాదే వీసాస్క్రీన్ తెప్పించుకుని, ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్, ఫీజు, చెన్నై ప్రయాణం అంటూ చేతిలో ఉన్నదంతా ఖర్చుపెట్టేవాళ్ళను చూస్తుంటాను. అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి ఉంచుకోండి, మంచిదే. వీసాస్క్రీన్ మాత్రం తేదీ దగ్గరపడ్డాకే.

ఇంకొకటి. మీ తేదీ వచ్చిందని పిలిచాక ఏడాదిపాటు ఎన్‌వీసీకి ఉలుకూ పలుకూ లేకపోతే మీ రిజిస్ట్రేషన్ రద్దు చేసే ప్రక్రియ మొదలవుతుంది. పాత ఏజెంటు మెయిల్ ఐడీ ఇచ్చి, ఆ ఏజెంటు షాపు మూసేసి, పిలుపు వచ్చిన సంగతే తెలియనివాళ్ళున్నారు. మెయిల్ ఐడీ మీదే ఉండాలి, పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండాలి.

"ఆ పిల్లకు రెండేళ్ళలో వచ్చేసింది, ఎంత కట్టిందో!"

ఎంతా కట్టలేదు. ఆ పిల్ల కువైట్‌లో పుట్టింది. మన వైపు నుంచి కువైట్ పోయిన కుటుంబాలెన్నో మీకు తెలుసు. వరుసను లెక్కేసేది పుట్టిన దేశాన్ని బట్టి. పాస్‌పోర్ట్ ఇండియాదే అయినా సరే, కువైట్‌లో పుట్టినవాళ్ళు ఇండియా వరుసలో నిలబడక్కర్లేదు. 2025 రెండో సగంలో మిగతా దేశాల ఈబీ-3 తేదీ 2023 ఏప్రిల్‌లో ఉంది. ఇండియాకూ వాళ్ళకూ పదేళ్ళ తేడా. భార్యాభర్తల్లో ఒకరు అలా బయట పుట్టి ఉంటే రెండోవాళ్ళు కూడా ఆ దేశం లెక్కలో వెళ్ళొచ్చు. ఈ సంగతి తెలియక ఇండియా వరుసలో ఏళ్ళు గడిపిన జంట ఒకటి మదనపల్లె నుంచి వచ్చింది. భర్త బర్త్ సర్టిఫికెట్ అరబీలో ఉందని, ఎందుకొచ్చిన గొడవని లోపల పెట్టేశారట. దాన్ని అనువాదం చేయించి లాయర్‌కు పంపాక ఆ ఫైలు కదిలింది. అంతేగానీ గల్ఫ్‌లో పనిచేసినంత మాత్రాన, అక్కడి నుంచి అప్లై చేసినంత మాత్రాన వరుస మారదు.

అపోహ: పెళ్లి చేసుకుంటే ఫైలు పోతుంది, దాచిపెట్టు

ఈ మాట చెప్పేవాళ్ళ మీద నాకు నిజంగా ఒళ్ళు మండుతుంది. గ్రీన్ కార్డు ఉన్న తల్లిదండ్రులు పెళ్లికాని పిల్లల కోసం వేసే ఫైళ్ళున్నాయి. పెళ్లయితే పోయేవి అవి. ఎవరో దాన్ని విని నర్సుల గ్రూపులో పడేశారు. మీ ఉద్యోగం మీద వచ్చే ఫైలుకు పెళ్లితో ఏ నష్టమూ లేదు. పైగా మీరు అమెరికాలో అడుగుపెట్టకముందు పెళ్లయితే అదే ప్రయారిటీ డేట్ మీద భర్త కూడా రావచ్చు. అడుగుపెట్టాక చేసుకుంటే అతనికి వేరే పిటిషన్, వేరే వరుస.

పెళ్లి దాచి డీఎస్-260లో 'సింగిల్' అని పెడితే? ఇంటర్వ్యూ కిటికీ ముందు కుడిచెయ్యి ఎత్తి, చెప్పేదంతా నిజమని ప్రమాణం చేయాలి. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం అంటే వణికిపోయే మనవాళ్ళు, ఏజెంటు చెప్పాడని అక్కడ ధైర్యంగా చెయ్యెత్తేస్తారు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే జీవితకాలం నిషేధం. దాన్నుంచి మినహాయింపు దొరికేది చాలా కొద్దిమందికి. పాత విజిటర్ వీసా తిరస్కరణ దాచినా, లేని అనుభవానికి సర్టిఫికెట్ పెట్టినా ఇదే దారి. విజిటర్ వీసా ఒకసారి తిరస్కరించారన్నది ఇమిగ్రెంట్ వీసాకు అడ్డం కాదు, దాచడమే అడ్డం. ఫారం ఏజెంటు నింపినా సంతకం మీదే. సబ్మిట్ నొక్కే ముందు ప్రతి పేజీ మీ కళ్ళతో చదవండి. నా దగ్గర నింపించుకున్నా చదవండి.

221(జి) చీటీ

ఇంటర్వ్యూ నుంచి బయటికొచ్చి ఏడుస్తూ ఫోన్ చేస్తారు. "అక్కా, రంగు కాగితం ఇచ్చినారు, ఆన్‌లైన్‌లో రిఫ్యూజ్డ్ అని చూపిస్తాంది, అంతా అయిపాయ." అయిపోలేదమ్మా. ఏదో కాగితం తక్కువైనా, ఇంకా పరిశీలన మిగిలినా ఈ 221(జి) చీటీ అలాగే ఇస్తారు. వెబ్‌సైట్‌లో కూడా 'రిఫ్యూజ్డ్' అనే కనిపిస్తుంది. చీటీలో ఏం అడిగారో చదివి, చెప్పిన పద్ధతిలో పంపాలి. ఏడాది గడువుంటుంది. అది దాటితే మళ్ళీ ఫీజు, మళ్ళీ ఫారం. మా దగ్గర ఎక్కువగా వచ్చేవి యజమాని లెటర్ పాతదైపోవడం, వీసాస్క్రీన్ గడువు తీరిపోవడం. రెండూ సరిచేసుకునేవే. ఆ రాత్రి గ్రూపులో ఫోటో పెడితే "లోపల మనవాళ్ళున్నారు, రెండు లక్షలైతే క్లియర్ చేయిస్తాం" అని మెసేజ్ వస్తుంది. లోపల ఎవరూ లేరు. ఆ నంబర్ బ్లాక్ చేసి పడుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

చెన్నై మూడు నాలుగు గంటల దూరమే కదా, అక్కడ ఇంటర్వ్యూ పెట్టించుకోవచ్చా? కుదరదు. మన ఉద్యోగ ఆధారిత ఇమిగ్రెంట్ కేసులు చూసేది ముంబై కాన్సులేట్, బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో.

బ్యాంకులో పాతిక లక్షలు చూపించాలా? అక్కర్లేదు. మీకు ఆధారం ఉద్యోగం. చుట్టాల కంపెనీ పిటిషన్ వేసినప్పుడే మీ పోషణకు మాది పూచీ అని రాసిచ్చే అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ మాట వస్తుంది.

బర్త్ సర్టిఫికెట్‌లో చిత్తూరు జిల్లా, ఆధార్‌లో తిరుపతి జిల్లా ఉంటే రిజెక్టా? కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. మీరు పుట్టినప్పుడు ఏ జిల్లా ఉందో అదే. దీనికోసం సర్టిఫికెట్లు మార్పించడానికి మీసేవ చుట్టూ తిరుగుతున్నవాళ్ళను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. చూసుకోవాల్సింది పేరు. తమిళ పద్ధతిలో నాన్న పేరు ఇనిషియల్‌గా పెట్టుకుని, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినవాళ్ళు మన జిల్లాలో చాలామంది. అలా వదిలితే వీసా మీద ముందుపేరు దగ్గర 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే ముందుపేరు తెలియదు) అని పడుతుంది, అక్కడ బ్యాంకులో, లైసెన్స్ ఆఫీసులో తిప్పలు. తేదీ రాకముందే పాస్‌పోర్ట్‌లో సరిచేయించుకోండి.

తిరుమలలో పెళ్లయితే ఫోటోలు, పత్రిక చాలవు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి.

పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి తెచ్చుకుంటే సరిపోతుందా? ఇండియా వరకు సరిపోతుంది. గల్ఫ్‌లో ఏడాది, ఆపైన ఉన్నవాళ్ళకు అక్కడిదీ అడుగుతారు. ఏ దేశం నుంచి ఏ కాగితం చెల్లుతుందో స్టేట్ డిపార్ట్‌మెంట్ సైట్‌లో దేశాలవారీగా ఉంది. అక్కడ ఉన్నప్పుడే తెచ్చుకోండి, ఇక్కడికొచ్చాక ఎంబసీల చుట్టూ తిరగడం నరకం.

ఇంటర్వ్యూ కోచింగ్‌కు వేలు పోయకండి. ఏ ఆసుపత్రి, ఏ ఊరు, జీతమెంత, ఇక్కడ ఏ వార్డులో చేస్తున్నారు, ఇంతకుముందు ఎక్కడెక్కడ ఉన్నారు: ఇలాంటివే అడుగుతారు. ఐసీయూలో రాత్రి డ్యూటీలు చేసిన మనిషికి తన పని గురించి బట్టీపట్టి చెప్పాల్సిన ఖర్మ ఏముంది?

మెడికల్ గురించి మాత్రం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే దీనికి భయపడేవాళ్ళు నోరు తెరిచి అడగరు. నర్సులకు టీబీ సోకడం వింత కాదు. ఎప్పుడో మందులు వాడి నయమైపోయి, ఎక్స్‌రేలో మచ్చ మిగిలితే వీసా శాశ్వతంగా పోతుందని ఎవరో చెబితే ఒకమ్మాయి మెడికల్‌కే వెళ్ళనని కూర్చుంది. పోదు. మచ్చ కనబడితే మూడు రోజులు కళ్ళె తీసుకుని పరీక్షకు పంపుతారు, కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాలు పడుతుంది. ఇంటర్వ్యూ తేదీ రాగానే మెడికల్ చేయించుకుంటే ఆ ఆలస్యాన్ని తట్టుకోవచ్చు. మెడికల్ చెల్లుబాటు మామూలుగా ఆరు నెలలు, టీబీ చరిత్ర ఉంటే మూడు నెలలే కావచ్చు, వీసా గడువూ దాన్నిబట్టే వేస్తారు. మీ ఊరి డాక్టర్ రాసిచ్చింది చెల్లదు, కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ములు, మందుల కోర్సు పూర్తి చేసినట్టు ఆసుపత్రి ఇచ్చిన కాగితం పట్టుకెళ్ళండి. కాగితం పోయి ఉంటే, మందులు ఇచ్చిన ఆసుపత్రి రికార్డు రూముకు ఇప్పుడే వెళ్ళి అడగండి.