పొద్దున ఉన్న రీల్ సాయంత్రానికి ఎటు పోయింది?

మళ్లీ అదే గొడవ. ఢిల్లీ మీదో ట్రంప్ మీదో చేసిన వ్యంగ్య వీడియో పొద్దున ఉంటది, సాయంత్రానికి ఉండదు, దాని చోట చట్టపరమైన అభ్యర్థన వల్ల భారత్‌లో చూపడం లేదని ఒక ముక్క కనబడుతుంది. ఎవరు అడిగారు, అందులో ఏ మాట తప్పు అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఎమర్జెన్సీ సెన్సార్ దగ్గర మొదలయ్యే చరిత్ర అందరూ వందసార్లు విన్నదే కాబట్టి అది వదిలేస్తున్నాను. ఇవాళ్టి తగాదాకు ఆ చరిత్రతో కన్నా 2015లో వచ్చిన ఒక తీర్పుతోనే ఎక్కువ సంబంధం ఉంది, అదీ మనం గెలిచామని పండగ చేసుకున్న తీర్పు.

ఓరుగల్లులో కూర్చుని ట్రంప్‌తో మీకేం పని అని అడిగేవాళ్లు పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు రావాలి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకుపోయింది. అదే నెలలో మన కేంద్రం విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఎత్తేసింది, ముందు సెప్టెంబరు ఆఖరు దాకానే అన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించారు, అంటే ఇక్కడి రైతు కొత్త పత్తి యార్డుకు తెచ్చే రోజులు చాలా వరకు అందులోనే పోయాయి. నేను చూసిన ఒక రీల్‌లో ట్రంప్ యార్డులో నిలబడి పత్తిలోకి తేమ మీటరు గుచ్చి, "పన్నెండు దాటింది, వాపస్ తీస్కపో" అంటాడు, పక్కన తెల్ల లాల్చీ ఆయన తలూపుతుంటాడు. సీసీఐ (కేంద్రం తరఫున మద్దతు ధరకు పత్తి కొనే సంస్థ) 12 శాతం తేమ దాటితే కొనదని తెలిసినవాళ్లకు అందులో జోకు ఎంతో, కడుపుమంట ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి బొమ్మకు ఏమవుతుందో అంతకు ఆరు నెలల ముందే తమిళనాట తేలిపోయింది. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను అమెరికా సైనిక విమానంలో సంకెళ్లతో అమృత్‌సర్‌కు పంపింది. వికటన్ డిజిటల్ పత్రిక ఒక కార్టూన్ వేసింది: ట్రంప్ పక్కన మోదీ కూర్చుని ఉంటారు, కాళ్లూ చేతులూ గొలుసులతో. అంతే, బొమ్మలో అంతకుమించి ఏమీ లేదు. రాష్ట్ర బీజేపీ నుంచి ఫిర్యాదు వెళ్లింది, ఫిబ్రవరి 15న వెబ్‌సైటే తెరుచుకోవడం మానేసింది, నోటీసు ఆ తర్వాత వచ్చిందని పత్రిక చెప్పింది. మార్చి 6న మద్రాసు హైకోర్టు సైటును తెరవమంది కానీ, కేసు తేలేదాకా ఆ బొమ్మను పక్కన పెట్టాలని షరతు పెట్టింది. ఒక్క కార్టూన్ కోసం మొత్తం సైటును మూసినవాళ్లకు కార్టూన్ దిగిపోవడం ఏ లెక్కన ఓటమో నాకైతే అర్థం కాలేదు.

ఇప్పుడు 2015 సంగతి. ఐటీ చట్టం 66ఏ కింద ఎవరికైనా చిరాకు తెప్పించే పోస్టు పెడితే మూడేళ్ల దాకా జైలు. 2012లో పాల్‌ఘర్‌లో ఇద్దరు అమ్మాయిలను ఫేస్‌బుక్ పోస్టుకు అరెస్టు చేశాక శ్రేయా సింఘాల్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్ ఆ సెక్షన్‌ను కొట్టేశారు. అప్పుడు అందరం చప్పట్లు కొట్టాం, న్యాయమే. అయితే అదే తీర్పు ఇంకో రెండు సెక్షన్లను ఉంచేసింది, దాని గురించి పేపర్లలో కూడా పెద్దగా రాలేదు. ఒకటి 69ఏ, బ్లాక్ చేసే అధికారం, దానికి కమిటీ, కారణాలు రాయడం లాంటి కట్టుబాట్లు ఉన్నాయని ఒప్పుకున్నారు. రెండోది 79(3)(బి). కోర్టు ఆర్డరో ప్రభుత్వ నోటీసో వచ్చాక కూడా సోషల్ మీడియా కంపెనీ పోస్టు తీయకపోతే, జనం పెట్టే పోస్టులకు తాను బాధ్యురాలు కాదన్న దాని చట్టరక్షణ పోతుంది.

నా లెక్కలో అసలు మలుపు ఇదే. 66ఏ రాసినవాడి మీదికి వచ్చేది. కేసు పెడితే ఎఫ్‌ఐఆర్ కాపీ ఉంటది, వకీలు ఉంటాడు, తారీఖు ఉంటది. 79 అయితే కంపెనీ మీదికి పోతుంది, రాసినవాడితో దానికి పనే లేదు. ఒక హన్మకొండ కుర్రాడి జోకు కోసం ఏ కంపెనీ తన రక్షణ పోగొట్టుకుంటుంది, చెప్పండి?

2021 ఐటీ నియమాలు ఈ నోటీసులకు మొదట 36 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని మూడు గంటలకు కుదించారు. 2023లో కేంద్రం తన గురించి ఏది అబద్ధమో తానే తేల్చే ఫ్యాక్ట్ చెక్ యూనిట్ తేబోయింది, కమెడియన్ కునాల్ కామ్రా వేసిన కేసులో బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో దాన్ని కొట్టేసింది. మరుసటి నెలలోనే హోంశాఖ కింద సహయోగ్ పోర్టల్ వచ్చింది. కేంద్ర, రాష్ట్ర సంస్థలు, పోలీసులు నోటీసులన్నీ అందులో నుంచే పంపవచ్చు. దీని మీద ఎక్స్ (పాత ట్విట్టర్) కంపెనీ కోర్టుకు వెళ్లింది, 2025 సెప్టెంబరు 24న కర్ణాటక హైకోర్టు దాని పిటిషన్‌ను తోసేసింది. డీప్‌ఫేకులు, మోసాలు, ఆడపిల్లల ఫొటోల మార్ఫింగ్ ఆగాలంటే వేగం కావాలన్నది ప్రభుత్వ వాదన, అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ వేగం మార్ఫింగ్‌కూ కార్టూన్‌కూ ఒకటే.

ఇదంతా ఢిల్లీవాళ్ల పాపమే అనుకుంటే పొరపాటు. 2024 నవంబరు 19న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హన్మకొండ వచ్చి కాళోజీ కళాక్షేత్రాన్ని ప్రారంభించారు. ఏ ప్రభుత్వమైనా తప్పును మొహం మీద అనేసిన కాళోజీ, ఎమర్జెన్సీ తర్వాత సత్తుపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే పోటీకి దిగిన కాళోజీ. నాలుగు నెలలు తిరగలేదు, 2025 మార్చిలో ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో వేశారని హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. రామగుండం, కరీంనగర్ వైపు ఒక బీఆర్ఎస్ సోషల్ మీడియా కార్యకర్త మీద కాంగ్రెస్‌ను, సీఎంను విమర్శించాడని మూడు కేసులు పెట్టారు (బీఆర్ఎస్ వాళ్లకు తమ పదేళ్లలో పోస్టుల మీద పెట్టిన కేసులు ఇప్పుడు గుర్తు లేవనుకోండి).

ఆ మూడింటినీ తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టేసింది. రాజకీయ విమర్శ పోస్టు మీద ఫిర్యాదు రాగానే ఎఫ్‌ఐఆర్ కట్టవద్దు, ఫిర్యాదుదారు నిజంగా బాధితుడేనా చూడండి, ముందు ప్రాథమిక విచారణ చేయండి, యాంత్రికంగా అరెస్టులు చేయకండి అని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. మన వైపు పేజీలు నడిపేవాళ్లంతా ఈ తీర్పును వాట్సాప్‌లో తిప్పుతూ ఇక టెన్షన్ లేదంటున్నారు. కేసుల వరకు నిజమే. కానీ సహయోగ్ నోటీసుతో పోయిన రీల్‌కు ఎఫ్‌ఐఆర్ ఉండదు, కాబట్టి ఈ మార్గదర్శకాలు దాని దగ్గరికే రావు. ఐటీ నియమాలను సవరించి, 2025 నవంబరు 15 నుంచి అలాంటి నోటీసును జాయింట్ సెక్రటరీ స్థాయి అధికారి, పోలీసుల్లో అయితే డీఐజీ స్థాయి అధికారి కారణం రాసి పంపాలన్నారు, నెలనెలా పైఅధికారి సమీక్షించాలన్నారు. ఆ కారణం వెళ్లేది కంపెనీకి. రీల్ చేసినవాడికీ ఒక కాపీ ఇవ్వాలన్న మాట ఆ సవరణలో లేదు.